కట్టులోని సాగు

గడచిన సంక్రాంతి సెలవులకు బెంగుళూరు నుండి వచ్చిన నా మనుమరాలు, సంచిలో నుండి ఒక నల్లని వస్త్రమును తీసి నా ఒడిలో వేసి, “అవ్వా, మోకాలికాడ చినిగింది, నీ చేత్తో రెండు కుట్లేసి పెట్టు” అని చెప్పి, నా జవాబుకొరకు నిలువక పెరటిలోని వేపచెట్టు క్రిందికి పోయినది. దాని ఉద్యోగము కంప్యూటరు కంపెనీలో; శని ఆదివారములు వచ్చినచో దాని మనస్సు, దేహము రెండును హంపి గుండ్ల మీదనే ఉండును. ఆడపిల్ల బండలెక్కుట నాకు వింత కాలేదు, ఏలయన ఆదోనిలో కాపురమున్నవారి కంటి యెదుట ఏ వీధి మలుపు తిరిగినను ఒక కొండ నిలిచియే యుండును. కాని ఆ బండలెక్కుటకే ప్రత్యేకముగా కుట్టిన ఆడవారి వస్త్రమొకటి కలదనియు, దానిని టైట్స్ అందురనియు, నా ఒడిలోనున్నది చేపలవారు పారవేసిన పాత వలలను కరగించి తీసిన దారముతో చేసినదనియు ఆనాడే తెలిసికొంటిని. నడుముపట్టీ లోపల కుట్టిన చిన్న చీటీమీద నూటికి 78 పాళ్ళు రీసైకిల్ నైలాను, 22 పాళ్ళు స్పాండెక్సు అని అచ్చువేసి యున్నది.

చేనేతవారి యింట పుట్టినదానికి గుడ్డ చేతికి రాగానే బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ నలిపి చూచుట ఊపిరి వంటి అలవాటు. ఎమ్మిగనూరులో మా నాయన గుంటమగ్గమున కూర్చుండి సహకార సంఘమునకు నేసెడివాడు. మా ప్రాంతమింకను మద్రాసు రాష్ట్రములోని బళ్ళారి జిల్లాయై యున్న దినములలో, 1938లో, మాచాని సోమప్పగారు ఆ సంఘమును నెలకొల్పినందున, నూలుకొరకు షావుకారు గుమ్మమున నిలువబడవలసిన నేతగాండ్లు తమ సంఘము వద్దనే నూలు తెచ్చుకొని, నేసిన గుడ్డ అచటనే అప్పగించి, మజూరీ లెక్కగట్టించుకొని యింటికి రాగలిగిరి. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మవతరించి ఆదోని తాలూకా కర్నూలు జిల్లాలో కలిసినదియు, ఆ మరుసటి యేడు సోమప్పగారికి పద్మశ్రీ వచ్చినదియు మా నాయన ఒకే సంతోషముగా చెప్పుకొనెడివాడు. గుడ్డను పరీక్షించుట ఆయనయే నాకు నేర్పెను. “పడుగువైపు లాగు, పేకవైపు లాగు, ఆ తర్వాత మూలకు లాగు. మూలకు లాగితేనే నేత గుణం తెలిసేది” అనెడివాడు. పడుగువైపు గుడ్డ సాగదు, పేకవైపును సాగదు, మూలకు లాగినపుడు మాత్రము అడ్డపోగులును నిలువుపోగులును ఒకదానిపై నొకటి ఒరగి, గుడ్డ పొడవునకు సాగి, వదలగానే మంచి నేతయైనచో మరల తన చతురమునకు వచ్చి కూర్చుండును. ఆ పాఠము నాకు అరువదియేండ్ల తరువాత ఉపయోగపడునని అప్పుడు తెలియదు.

మొదట నేను చేసిన పని తప్పుపని. పెట్టెలోని నల్లని నూలుదారమును సూదికెక్కించి, బండమీద ఒరసి రెండంగుళముల మేర చినిగిన ఆ మోకాటి అంచులను దగ్గరకు తీసి, కన్నుపోవు సన్నని కుట్టుతో మూసితిని. కుట్టు నా కంటికి ముచ్చటగనే ఉండెను. మనుమరాలు దానిని తొడుగుకొని గొంతుకూర్చున్నంతనే నా కుట్లు ఒకదాని వెంట నొకటి పటపట తెగి, చినుగు మునుపటికంటె పొడవాయెను. అది నవ్వలేదు, నన్ను నొప్పింపను లేదు; “పోనీలే అవ్వా, కొత్తది కొనుక్కుంటా” అన్నది. ఆ మాటయే నాకు ముల్లయినది. పాతవలలకు పునర్జన్మ మిచ్చితిమని చీటీలో వ్రాసికొన్న గుడ్డ, రెండంగుళముల చినుగునకే చెత్తబుట్ట పాలగుట న్యాయమా?

కావున దానిని చేతబట్టుకొని మా వీధి చివర నలుబదియేండ్లుగా మిషను త్రొక్కుచున్న టైలరు మాస్టరు దగ్గరకు పోతిని. ఆయన అద్దములు సవరించుకొని, గుడ్డను రెండు చేతులతో అటునిటు లాగి చూచి, “అక్కా, ఇది నేసిన బట్ట కాదు, అల్లిన బట్ట. మీ నూలుదారం సాగదు, ఈ బట్ట సాగుతుంది. రెండిటికీ పొత్తు కుదరదు” అనెను. పిదప లోపలిప్రక్క త్రిప్పి కుట్లు చూపెను. అంచులు ఒకదానిపై నొకటి లేచియుండక, ప్రక్కప్రక్కను పరుండి, పైన దారములు నిచ్చెన వలె అల్లుకొని యున్నవి. దీనిని ఫ్లాట్‌లాక్ అందురట, తొడకు ఒరసికొని పుండుచేయ దట. చివరకు రెండు కాళ్ళు కలిసెడి చోట వ్రేలు నిలిపి, ఆయన ముఖము వికసించెను. “చూడండక్కా, మియానీ! మా అబ్బాజాన్ సల్వార్లకు ఇట్లనే పెడుతుండె.”

ఆ మియానీని నేను చాలసేపు చూచితిని. అరచేతియంత గుడ్డముక్క, గాలిపటము వలె నాలుగు మూలలది. మామూలు పంట్లాములో నాలుగు కుట్లు వచ్చి ఒక్క బిందువు వద్ద కలియును. కాలు చాపిన బరువంతయు ఆ బిందువు మీదనే పడును, అచటనే చినుగును. మియానీ పెట్టినచో ఆ నాలుగు కుట్లును నాలుగు దిక్కులకు విడిపోవును, నడుమ గుడ్డ మిగులును, కాలు ఎంత పైకెత్తినను ఆ గుడ్డ తోడువచ్చును. ఇది దర్జీవాని చేతిలోని చిన్న సూత్రమే. కాని ఆలోచించిన కొలది నాకు తోచినదేమనగా, ప్రతి వస్త్రమును కత్తిరించువాడు కత్తెర పట్టకముందే ఆ వస్త్రము తొడుగుకొను మనిషి ఏమేమి చేయునో, ఏమేమి చేయరాదో మనసులో నిర్ణయించుకొనియే కత్తిరించును. కాలు ఎంత ఎత్తునకు లేవవచ్చును? అడుగునకును అడుగునకును నడుమ ఎంత దూర ముండవచ్చును? ఆడదాని వస్త్రమున నీ ప్రశ్నలకు జవాబు చిరకాలము నుండి ఆమె నడుగకయే వ్రాయబడినది. నా మనుమరాలు చెప్పెను: బండమీద చేతికి చిక్కిన పట్టు నడుముదాక దిగినంతనే, ఆ పట్టుమీదికే పాదమును తెచ్చి, దేహభారమంతయు దానిపై నిలిపి లేవవలెనట. నడుమెత్తు పాదము! తల్లులు, అవ్వలు ఏ పిల్లకైనను అటువంటి భంగిమను అనుమతించిరా?

అనుమతించిరి. ఇది నాకు తట్టుటకు ఒక రాత్రి పట్టెను. మా జేజి, అనగా మా నాయన తల్లి, తొమ్మిదిగజముల నూలుచీరను గోచిపోసి కట్టెడిది. ఆ కట్టుతో ఆమె మట్టిమిద్దె మీది కెక్కి వానకు ముందు చౌడు పరచుటయు, చింతచెట్టు కొమ్మమీద నిలిచి కాయ రాల్చుటయు నేను కన్నులార చూచితిని. ఆదోని పరిసరములలో బండలు కొట్టిన వడ్డెర స్త్రీలు ఆ కట్టుతోనే రాతిమీద కాలుదన్ని నిలిచి సమ్మెట లెత్తిరి. వానలు మొగము చాటుచేసిన యేడు మా పడమటి పల్లెలనుండి మూటాముల్లె కట్టుకొని గుంటూరు సీమకు సుగ్గికి, అనగా వలసకూలికి, పోవు ఆడవారు, పత్తి తీయునపుడు కుచ్చెళ్ళు పైకి దోపి, కొంగును ఒడిగా కట్టుకొని, తెల్లవారినది మొదలు పొద్దుగుంకువరకు వంగి లేచుచుందురు. ఆ ఒడిలో శేరుల కొలది పత్తి నిండును. ఒక మూరెడు గుడ్డ నడుముచుట్టు తిరిగి, కాళ్ళ సందున దూరి, వెనుక దోపుకొనినంత మాత్రమున ఆడదాని నడక యంతయు మారుచుండెను.

ఇందలి రహస్యము మూలలో నున్నది. గోచికట్టు కట్టినపుడు గుడ్డ తొడమీద నిలువుగా దిగదు, అడ్డముగా తిరగదు. నడుమునుండి మోకాటి లోపలివైపునకు ఏటవాలుగా వచ్చును. అనగా పడుగును పేకయు రెండును మోకాటికి ఓరగా నుండును. మా నాయన చెప్పిన మూల యిదియే! మోకాలు వంగినపుడు సాగవలసినది, నేసినగుడ్డలో సాగు గుణ మొక్క మూలవైపుననే యుండుటచేత, ఆ మూలయే మోకాటి మీదికి వచ్చునట్లు మన స్త్రీలు కట్టును కనుగొనిరి. ఎవరు కనుగొనిరో, ఏ శతాబ్దమున కనుగొనిరో ఏ శాసనమును చెప్పదు. నేటి మిల్లువారు దారములో పెట్టిన సాగును వారు కట్టులో పెట్టుకొనిరి. ఈ సంగతి బోధపడిన రాత్రి, నిదురించుచున్న మనుమరాలిని లేపి చెప్పవలెనన్నంత ఆనందము నాకు కలిగినది.

ఐరోపాలో మంచుకొండలెక్కిన తొలి తరము స్త్రీల కీ సదుపాయము లేకపోయెను. 1871లో మాటర్‌హార్న్ శిఖరము నెక్కిన మొదటి స్త్రీ లూసీ వాకర్ పావడాతోనే యెక్కెను. తరువాత 1907లో లండనులో స్త్రీల ఆల్పైన్ క్లబ్బునకు తొలి అధ్యక్షురాలైన ఎలిజబెత్ లెబ్లాండ్ అను నామె, ఊరి పొలిమేర దాటువరకు పంట్లాముపై పావడా కట్టుకొని, కొండ మొదట విడిచిపెట్టి, దిగివచ్చునపుడు మరల కట్టుకొనుచుండె నట. ఒకమారు మరచివచ్చి, లోకభీతిచే దానికొరకై మరల కొండకు పోవలసివచ్చెనని చెప్పుకొందురు. కొండకంటె ఊరే కఠినమాయెను పాపము.

మన యూళ్ళును ఆ దారినే నడిచినవి. నాకు పండ్రెండేండ్లు వచ్చుసరికి గోచికట్టు మోటుదనమనియు, కూలివారి కట్టనియు పేరుపడి, బడికిపోవు పిల్లకు పావడా, ఓణీ, ఆపై ఆరుగజముల చీర మర్యాద యైనవి. “కాళ్ళు దగ్గర పెట్టుకో” అన్న మాట నేను వినినన్ని మారులు నా పేరైనను వినలేదేమో. ఆదోనికి కాపురమునకు వచ్చిన యేడు అందరితోబాటు రణమండల ఆంజనేయస్వామి మెట్లెక్కుచు, నా కుచ్చెళ్ళు నేనే త్రొక్కుకొని రెండుమారులు తూలితిని. కోట బురుజు లెదురుగ కనబడుచునే యుండెను. ఐదు కొండల మీద వ్యాపించిన ఆ దుర్గములో ఎత్తైన బారాఖిల్లా, తాలిబండ అను శిఖరములు మైదానమునుండి ఎనిమిదివందల అడుగుల పైచిలుకు లేచియున్నవి. విజయనగరమువారు, బిజాపురమువారు, మొగలులు, నిజాములు ఒకరి తరువాత నొకరు దానికొరకు సేనలు నడిపిరి. నేను దాని క్రిందనే జీవితమంతయు గడపి, మెట్లున్నంతవరకే ఎక్కి, మెట్లు లేని బండవద్దనుండి వెనుకకు తిరిగితిని. కాళ్ళలో శక్తి లేక కాదు. ఇది ఎవ్వరిమీదను నెపముగా చెప్పుట లేదు. కాని చెప్పకుండ ఉండలేను.

ఇక అల్లినగుడ్డ సంగతి. నేత పోగులు నిటారుగ నిలువగా, అల్లికలో ఒకే పోగు వలయములు వలయములుగ తిరిగి ముందటి వలయములో దూరును. లాగినపుడు వలయము విచ్చుకొనును, వదలినపుడు ముడుచుకొనును. 1589లో ఇంగ్లాండులో విలియం లీ యను నాతడు ఈ వలయములను చేతిసూదులు లేక యంత్రముచే అల్లు సాధనమును కల్పించెను. దానిపై తొలుత అల్లినది మేజోళ్ళే, అనగా కాలి కంటుకొనియుండెడి గుడ్డయే. వలయము చాలదని, 1958లో అమెరికాలోని డ్యూపాంట్ కంపెనీలో జోసెఫ్ షివర్స్ అను రసాయనవేత్త స్పాండెక్సు అను పోగును తీసెను. తన పొడవునకు ఐదారు రెట్లు సాగి తిరిగి యథాస్థితికి వచ్చు నా పోగునే లోకము లైక్రా అను పేర నెఱుగును. నా మనుమరాలి టైట్స్‌లో నూటికి 22 పాళ్ళు అదియే. చేతబట్టి లాగినపుడు తెలిసినది, ఇది జేజి కట్టునకు దూరపు చుట్టరికమే గాని పరాయిది కాదు.

పత్తిసీమలో పుట్టినదానను గనుక పత్తి మాట అడుగక తప్పలేదు. ఆదోని మార్కెట్ యార్డులో పత్తి వచ్చు కాలమున తెల్లవారుసరికి వీధి వీధి బండ్లతో, లారీలతో నిండిపోవును; జిన్నింగు మిల్లుల ధ్వనియు, గాలిలో ఎగురు దూదిపింజలును, 170 కిలోల చొప్పున నొక్కి కట్టిన బేళ్ళును ఈ ఊరికి రెండవ బొంబాయి యను పేరు తెచ్చినవి. ఇంత పత్తి ఉండగా ఈ పిల్లలకు వలలదారము ఏల? మనుమరాలు ఓపికతో చెప్పినది. పత్తి నీటిని పీల్చుకొని తనలో ఉంచుకొనును. చెమటకో వానకో తడిసిన నూలుగుడ్డ మన యెండలో ఒంటికి చలువ; అదే మంచుకొండమీద ఆ చలువ దేహపు వేడిని దోచుకొని పోవును. అందుచేతనే పత్తి ప్రాణము తీయునని పర్వతారోహకులలో నానుడి. నైలాను కొంచెము, పాలియెస్టరు అంతకంటెను తక్కువ మాత్రమే నీరు పీల్చును, త్వరగా ఆరును. న్యాయమైన మాటయే. ఐనను పత్తిపక్షమున ఒక సాక్ష్యము చెప్పెదను: 1924లో ఎవరెస్టుమీద కనబడకుండ పోయిన జార్జి మల్లొరీ దేహము 1999లో దొరికినపుడు, ఆయన ధరించియుండినవి పట్టు, ఉన్ని, నూలు పొరలును, వానిపైన సాంద్రముగా నేసిన గాబర్డీనను నూలుగుడ్డయు. పత్తి ఆ యెత్తు చూడనిది కాదు.

ఆ యెత్తును మన తెలుగుపిల్ల యొకతెయు చూచినది. నిజామాబాదు జిల్లా పాకాల గ్రామమున వ్యవసాయకూలీల యింట పుట్టి, సాంఘిక సంక్షేమ గురుకులమున చదివిన మాలావత్ పూర్ణ, 2014 మే 25న, పదునాల్గవ యేడు నిండక ముందే, ఖమ్మము వైపు బాలుడు సాధనపల్లి ఆనందకుమార్‌తో కలిసి టిబెట్టు వైపునుండి 8,848 మీటర్ల ఎవరెస్టు శిఖరమును చేరెను. ఆ యిరువురును మొదట ఎక్కి నేర్చినది హిమాలయము కాదు, భువనగిరి కోటబండ. మన ఆదోని గుండ్ల వంటి నల్లసేనపు ఏకశిల. ఆ వార్త పత్రికలో చదివిననాడు నేను ఆ కాగితమును చాల దినములు మడిచి దాచుకొంటిని. ఆ బాలిక బండపై కాలెత్తి పెట్టినపుడు “కాళ్ళు దగ్గర పెట్టుకో” అనువారు ప్రక్కను లేకపోవుటయే నాకన్నిటికంటె గొప్ప వార్తగా తోచినది.

పాతగుడ్డతో కొండెక్కుట నేటి కంపెనీలు కనిపెట్టినది కాదని కూడ చెప్పవలెను. 1975 మే 16న ఎవరెస్టు నధిరోహించిన తొలి స్త్రీ, జపాను దేశపు జుంకో తబెయి, ప్రయాణమునకు ధనసహాయ మడుగబోయిన చోట్ల “ఇంట బిడ్డల పెంచుకొనరాదా” యనిపించుకొని, చివరకు పాత కిటికీతెరలతో పంట్లాములును, కారుపై కప్పెడి గుడ్డతో నీటికి తడవని చేతితొడుగులును కుట్టుకొనెను. మన దేశమున 1984లో ఆ శిఖరమెక్కిన తొలి భారతీయస్త్రీ బచేంద్రీ పాల్ చిన్ననాట చదువు ఖర్చులకై ఇంట కూర్చుండి బట్టలు కుట్టినదే. సూదియు కొండయు ఆడదాని చేతిలో ఎప్పుడో కలిసినవి.

మా యింట పాతచీరకు చావులేదు. మెత్తబడిన చీరను మొదట పురిటి పొత్తిళ్ళకు తీయుదురు. బిడ్డకు తగులవలసినది క్రొత్తగుడ్డ కాదు, పది ఉతుకులకు గంజి వీడినది. తరువాత ఉయ్యాల. ఆపై నాలుగైదు చీరలు పరచి, బాగుగా చివికినవానిని నడుమనుంచి, రంగు మిగిలినదానిని పైకి పెట్టి, అంచునుండి లోనికి వరుసలు వరుసలుగా టాకాలు వేయుచు బొంత కుట్టుదురు. మా అమ్మయు, ఇరుగుపొరుగువారును పంచలో కూర్చుండి బొంత కుట్టునపుడు ఏ చీర ఎవరి పెండ్లిదో, ఏది ఏ తిరునాళ్ళలో కొన్నదో చెప్పుకొనుచుండిరి; ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి రథోత్సవమున కొనిన పచ్చచీర నాలుగు బొంతలలో నాకు కనబడెను. బొంత చినిగిన పిదప అలుకుగుడ్డ, మసిగుడ్డ. అంచుపీలికలు దీపపు వత్తులు. మిగిలినది పెంటదిబ్బకు, దానినుండి చేనికి, చేనినుండి మరల పత్తికి. ఈ పరంపర ఎందుచేత సాగినది? అన్ని జన్మలందును ఆ గుడ్డ పత్తియే, మరేదియు కాదు గనుక.

ఇచటనే నా మనస్సునకు చిక్కుపడినది. పాతవలల నైలానును రసాయనముగా విడగొట్టి, దాని మూలపదార్థమునకే తెచ్చి, క్రొత్తదారముగ తీయు పని 2011 మొదలు ఐరోపాలో నడచుచున్నది. 1993 నాటికే నీళ్ళసీసాలను తునకలు చేసి, కడిగి, కరగించి, సన్నని రంధ్రములగుండ లాగి, ఆ పాలియెస్టరుతో వెచ్చని కోటులు కుట్టిరి. సీసాయు పాలియెస్టరు దారమును ఒకే పదార్థమని తెలిసికొన్నపుడు నేను ఆశ్చర్యపడితిని. మంచిపనియే, సముద్రములో తాబేళ్ళ మెడకు చుట్టుకొనవలసిన వల ఒక పిల్ల మోకాటిని కాపాడుచున్నదన్న నేనేల కాదందును? కాని వల నైలానే, సీసా పాలియెస్టరే, ఒంటిపదార్థములు. కనుకనే అవి కరగి మరల పుట్టినవి. ఈ టైట్స్‌లో నైలానుతో స్పాండెక్సు పోగుపోగున కలిసిపోయినది. విడదీయుట మహాకష్టము, విడదీయక కరగించిన దారము చెడును. అనగా రెండవ జన్మ మెత్తిన గుడ్డకు మూడవ జన్మకు దారి దాదాపు మూసుకొనిపోయినది. సాగును దారములో కలిపినందుకు చెల్లించవలసిన వెల యిది. జేజి చీరలో సాగు కట్టులో నుండెను; కట్టు విప్పినంతనే అది మరల శుద్ధమైన నూలుగుడ్డ యై, తరువాతి జన్మకు సిద్ధముగా మడతపడెను.

జేజి కట్టునే మరల కట్టుమని మనుమరాలికి చెప్పను. అది తాడు కట్టుకొని, నడుముపట్టీ బిగించుకొని రాతిగోడమీద వ్రేలాడునపుడు తొమ్మిదిగజముల గుడ్డ ప్రాణాపాయమే యగును. కాని దారమునకు ఉంగరములు త్రిప్పి, వలయముల అల్లికతోడనే, వేరుపోగు కలుపక, ఒంటిపదార్థముననే సాగును సాధించు పద్ధతులును నేడున్నవి. కొంచెము తక్కువ సాగును, కొంచెము త్వరగా వదులగును, ఐనను తిరిగి దారము కాగలదు. టైట్స్ కొనునపుడు రీసైకిల్ అను మాట చీటీమీద చూచి సంతోషించు పిల్లలు, ఎన్ని రకముల పోగులు కలిసినవని కూడ రెండవపంక్తి చదివినచో నా ప్రాణమునకు హాయిగా నుండును.

చినుగు మాత్రము అట్లే యున్నది. మాస్టరు సాగెడి దారమిచ్చి, వంకరటింకర కుట్టు వేయుమని చెప్పెను. కాని లోపల మాటుగుడ్డ కావలెను. నా పెట్టె అడుగున మా నాయన నేసిన ఎఱ్ఱగళ్ళ దుప్పటి తుంట యొకటి మిగిలియున్నది. దానిని నిలువుగా పరచితిని, మరల త్రిప్పి అడ్డముగా పరచితిని. పిదప చేయి తనంతట తానే మూలకు పోయినది. దర్జీలు క్రాసు అందురు. రవికకు వేయునట్లే ఏటవాలుగా, అరచేయంత ముక్కను కత్తిరించి, చినుగుమీద నుంచి, చుట్టును దంతములవంటి కుట్టు వేసితిని. ఒకటిన్నర గంట పట్టినది. నల్లని మోకాటిమీద ఎఱ్ఱగళ్ళు చూచి మనుమరాలు ఏమనునో యని భయపడితిని. అది వ్రేలితో తడిమి, “ఇది తాతయ్య నేసిందా” అని అడిగినది. మా నాయన దానికి ముత్తాత. కాని దానికి ఆ యింటి ముసలివాండ్రందరు తాతయ్యలే.

మరునాడు తెల్లవారుజామున కోటకొండ మొదట, మెట్లు లేని వైపున, నేను పాతబొంత పరచుకొని కూర్చుండగా అది బండ నెక్కుచుండెను. 250 కోట్ల యేండ్ల నాటి రాయని అది చెప్పిన ఆ గుండుమీద చలి యింకను వదలలేదు. చేతులు రెండును నడుమెత్తున నున్న అంచుమీద మోపి, కుడిపాదమును మెల్లగా పైకి తెచ్చి, ఆ చేతుల ప్రక్కనే ఉంచినది. నేను మోకాటినే చూచుచుంటిని. మూలమీద నిలిచిన ఎఱ్ఱగళ్ళు ఒక్కొక్కటి పొడవుగా, సన్నముగా సాగినవి. అది ఊపిరి బిగబట్టి, కాలిమీద నిలిచి, నిటారుగా లేచినది. గళ్ళు మరల తమ తమ చతురములకు వచ్చినవి.